అద్దెకుండేవాళ్లు సంఘం ఎలా కట్టుకోవాలి: వియన్నా, గ్లాస్గో, బార్సిలోనాల నుంచి తెచ్చుకోదగ్గ పద్ధతులు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ అపార్ట్‌మెంట్ చూసినా ఒక అసోసియేషన్ ఉంటుంది. అందులో సభ్యులంతా ఓనర్లే. అద్దెకున్నవాళ్లు నెలనెలా మెయింటెనెన్స్ కడతారు, లిఫ్ట్ ఆగిపోతే మెట్లెక్కుతారు, బోరు ఎండితే ట్యాంకర్‌కి తలా ఇంత వేసుకుంటారు. మీటింగ్‌కి మాత్రం పిలుపు రాదు. ఏడాది తిరిగేసరికి అద్దె ఎంత పెరగాలి, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో ఎంత కోసుకోవాలి అన్నది ఓనర్ ఒక్కరే చెప్తారు. ఒంటరిగా అడిగితే "ఇష్టం లేకపోతే ఖాళీ చెయ్యండి, రేపే ఇంకొకరొస్తారు" అంటారు. నిజంగానే వస్తారు కూడా. ఒంటరి మనిషికి ఆ మాటకు జవాబు ఉండదు. పదిళ్లవాళ్లు కలిసి అడిగితే ఉంటుంది.

ఇలా కలిసి అడగడం ప్రపంచంలో చాలాచోట్ల నూరేళ్లకు పైగా సాగుతున్న పని. అక్కడి నుంచి మనం ఏం తెచ్చుకోవచ్చు, దాన్ని మీ బిల్డింగ్‌లో, మీ కాలనీలో ఎలా మొదలుపెట్టాలి అన్నదే ఈ వ్యాసం. అక్కడి బిల్డింగుల ఫొటోలు చూసి మురిసిపోతే మనకొచ్చేదేమీ లేదు. ఆ ఇళ్ల వెనక డబ్బు ఎవరు కట్టారు, లెక్కలు ఎవరు చూశారు, మీటింగులు ఎలా నడిపారు అన్నవే మనకు పనికొస్తాయి.

1. ఏ దేశం కథ విన్నా మూడు ప్రశ్నలు వేయండి

నేల ఎవరిది? ఏటేటా డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? లోపల ఉంటున్నవాళ్లకు ఏ హక్కుంది? ఈ మూడూ అడిగితే ఏది తెచ్చుకోవాలో, దేన్ని చూసి జాగ్రత్తపడాలో తెలిసిపోతుంది.

ఆస్ట్రియా రాజధాని వియన్నానే తీసుకోండి. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ ఊరి కార్మికులు ఒక్కో గదిలో రెండు కుటుంబాలుగా ఇరుక్కుని బతికేవారు. 1919లో సోషల్ డెమోక్రాట్లు నగరపాలక సంస్థలో గెలిచారు. 1923లో ఇళ్ల నిర్మాణానికంటూ ఒక పన్ను వేశారు. ఖరీదైన ఇళ్ల మీద ఎక్కువ, కూలివాళ్ల ఇళ్ల మీద నామమాత్రం. ఆ సొమ్ముతో 1934 లోపు 60 వేలకు పైగా ఇళ్లు కట్టారు. వాటిలో పేరున్నది 1930లో పూర్తయిన కార్ల్ మార్క్స్ హోఫ్ అనే పెద్ద బిల్డింగ్. పొడవు కిలోమీటరు పైనే, ఇళ్లు 1,382. స్థలంలో ఐదో వంతు కూడా కట్టడం లేదు, మిగతాదంతా చెట్లూ పిల్లలు ఆడుకునే చోటూ. లోపలే బట్టలుతికే గదులు, స్నానాల గదులు, పిల్లల బడి, లైబ్రరీ.

ఆ కాలపు బిల్డింగుల గోడల మీద పెద్ద ఎర్రక్షరాలతో ఒక మాట రాసి ఉంటుంది: ఫలానా సంవత్సరాల్లో, ఇళ్ల నిర్మాణ పన్ను సొమ్ముతో, వియన్నా నగరం కట్టించింది. నాయకుడి బొమ్మ ఉండదు, పథకానికి ఎవరి పేరూ ఉండదు. డబ్బు ఎక్కడిదో గోడ మీదే రాశారు. రెండో ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నేనెక్కడా చూడలేదు.

ఆ డబ్బు దారి ఇప్పటికీ మూసుకుపోలేదు. ఆస్ట్రియాలో జీతం మీద కొంత శాతం ఇళ్ల కోసం పక్కకు వెళ్తుంది, సగం ఉద్యోగిది, సగం యజమానిది. భూమి ముందే కొని పెట్టుకోవడానికి వియన్నా 1984లో ప్రత్యేకంగా ఒక నిధి పెట్టింది. ఇవాళ నగరం చేతిలో దాదాపు 2,20,000 ఇళ్లున్నాయి. లాభానికి పరిమితి పెట్టుకున్న హౌసింగ్ సంఘాల ఇళ్లు కూడా కలిపితే ఊళ్లో సగం మంది ఇలాంటి ఇళ్లలోనే ఉంటారు. నగరం ఇచ్చే ఇంటి అగ్రిమెంటుకు గడువు ఉండదు. పదకొండు నెలలకోసారి కొత్త కాగితం రాయించుకునే మనకు ఇది ఎంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఇవే ప్రశ్నలు బ్రిటన్‌కి వేయండి. అక్కడా కౌన్సిల్ ఇళ్లు, అంటే స్థానిక ప్రభుత్వాలు అద్దెకిచ్చే ఇళ్లు, లక్షల్లో ఉండేవి. 1980లో వాటిలో ఉన్నవాళ్లకే పెద్ద డిస్కౌంట్‌తో అమ్మే చట్టం తెచ్చారు. ఇంగ్లండ్‌లోనే 20 లక్షలకు దగ్గరగా ఇళ్లు అలా చేతులు మారాయి. కొన్నవాళ్లకు మేలే జరిగింది. కానీ పోయిన ఇళ్లకు బదులు అన్ని కొత్తవి కట్టలేదు. అమ్మిన వాటిలో చాలా ఇళ్లు ఇప్పుడు ప్రైవేటు ఓనర్ల చేతుల్లో ఎక్కువ అద్దెకు తిరుగుతున్నాయి. ఇళ్లు కట్టడం ఎంత ముఖ్యమో, కట్టినవాటిని తర్వాతి తరానికి మిగల్చడం కూడా అంతే ముఖ్యం.

మనవాళ్లు సింగపూర్ గురించి చాలా చెప్తారు. 1960 నుంచి ప్రభుత్వ సంస్థ కట్టిన ఇళ్లలో ఇప్పుడు దాదాపు 80 శాతం మంది ఉంటున్నారు. కానీ అందులో ఎక్కువభాగం 99 ఏళ్ల లీజుకు కొనుక్కున్న ఇళ్లు. నెలజీతం మీద అద్దె కట్టుకుంటూ బతికే మనిషికి ముందు కావలసింది వియన్నా లాంటిది, సింగపూర్ లాంటిది ఆ తర్వాత.

2. సంఘం కంటే ముందు మీ కాగితాలు

మీ దగ్గరే ఆధారం లేకపోతే పక్కింటివాళ్లకు ఏం చెప్తారు? కాబట్టి మొదట మీ ఇంటి ఫైలు తయారు చేసుకోండి.

ఈ విషయంలో జర్మనీ అలవాటు అరువు తెచ్చుకోదగ్గది. అక్కడ ఇంట్లో చేరే రోజూ, వదిలే రోజూ ఓనర్, అద్దెదారు ఇద్దరూ గదిగదీ తిరిగి ఒక కాగితం రాసుకుంటారు. గోడ మీద మరకలు, కుళాయి లీకు, తలుపు గొళ్లెం, కరెంటు మీటరు రీడింగు, ఎన్ని తాళంచెవులు ఇచ్చారు, అన్నీ అందులో ఉంటాయి. ఇద్దరూ సంతకం పెడతారు. దీన్ని మన దగ్గర చేయకూడదనే రూలేం లేదు. పాలు పొంగించే రోజే, సామాను దించకముందు, ఫోన్‌తో ప్రతి గదీ వీడియో తీయండి. బాత్రూం టైల్స్, సీలింగ్‌లో చెమ్మ, కిటికీ అద్దాలు దగ్గరగా చూపించండి. ఆ వీడియోనూ ఒక చిన్న లిస్టునూ ఓనర్‌కి వాట్సాప్‌లో పంపి, "ఇల్లు ఈ స్థితిలో తీసుకున్నాం, ఏమైనా తేడా ఉంటే చెప్పండి" అని మర్యాదగా రాయండి. జవాబు రాకపోయినా తేదీతో సహా ఆధారం మిగులుతుంది. రెండేళ్ల తర్వాత పెయింటింగ్ కోత గురించి మాట్లాడేటప్పుడు మీ తరఫున మాట్లాడేది ఆ వీడియోనే.

అద్దె నగదుగా ఇవ్వకండి. యూపీఐలో పంపేటప్పుడు "జూన్ అద్దె, ఫ్లాట్ 302" అని నోట్ రాయండి. మెయింటెనెన్స్ వేరుగా పంపండి, అడ్వాన్స్ ఇచ్చినప్పుడు అది అడ్వాన్స్ అనే రాయండి.

అడ్వాన్స్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. జర్మనీలో ఓనర్ మూడు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదు, దాన్ని తన సొంత డబ్బుతో కలపకూడదు, అద్దెదారు మూడు వాయిదాల్లో కట్టొచ్చు. న్యూయార్క్‌లో 2019 చట్టం ప్రకారం ఒక నెల అద్దే పరిమితి. ఇల్లు వదిలిన 14 రోజుల్లో, ఏదైనా కోసుకుంటే దేనికి ఎంతో రాసిచ్చి, మిగతాది తిరిగివ్వాలి. మన కేంద్ర ప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నివాస ఇళ్లకు రెండు నెలల పరిమితి ఉంది, కానీ రాష్ట్రం తన చట్టంగా తెస్తేనే అది అమల్లోకొస్తుంది. ఈ మూడు లెక్కలూ గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరపడతాయి.

3. తలుపులు తట్టండి, కానీ ముందు ఓనర్ల లెక్క తీయండి

ఒక కాగితం మీద మీ బిల్డింగ్ గీయండి. ఏ ఫ్లాట్‌లో ఓనరే ఉంటున్నారు, ఏది అద్దెకిచ్చారు, దాని ఓనర్ ఎవరు? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. స్వీడన్‌లో 1923లో పుట్టిన అద్దెదారుల సంఘానికి ఇవాళ అయిదు లక్షలకు పైగా సభ్యులున్నారు. ఏటా అద్దె ఎంత పెరగాలో అది ఇళ్ల కంపెనీలతో కూర్చుని బేరమాడుతుంది. వినగానే మనమూ అలా చేద్దాం అనిపిస్తుంది. అయితే అక్కడ ఒక్కో కంపెనీకి వందల, వేల ఇళ్లుంటాయి. మన అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఫ్లాట్లకు ఇరవై మంది ఓనర్లు. ఒకరు అమెరికాలో, ఒకరు కింది ఫ్లోర్‌లో, ఒకరు ఆ అద్దె మీదే బతికే రిటైర్డ్ టీచరు.

కాబట్టి రెండు రకాలుగా ఆలోచించండి. ఓనర్ ఒక్కరే అయితే, అంటే పోర్షన్లుగా కట్టి అద్దెకిచ్చిన బిల్డింగో, హాస్టలో, పీజీనో అయితే, స్వీడన్ పద్ధతి సరిపోతుంది. అందరూ కలిసి అద్దె పెంపు గురించే మాట్లాడొచ్చు. ఓనర్లు చాలామంది ఉంటే అద్దె జోలికి మొదట్లో వెళ్లకండి. అందరికీ ఉమ్మడిగా తగిలేవి పట్టుకోండి: నీళ్లు, లిఫ్ట్, పార్కింగ్, మెయింటెనెన్స్ లెక్కలు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కోత.

తలుపు తట్టే పని ఎలా చేయాలో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో ఆడవాళ్లను చూసి నేర్చుకోవాలి. 1915లో, మగవాళ్లు యుద్ధానికీ ఆయుధాల ఫ్యాక్టరీలకూ పోయిన రోజుల్లో, ఆ ఊరి ఓనర్లు అద్దెలు పెంచేశారు. కొన్నిచోట్ల పెంపు 25 శాతం దాకా వెళ్లింది. గోవన్ అనే పేటలో మేరీ బార్బర్ అనే గృహిణి, ఆమెతోపాటు మరికొందరు వంటిళ్లలో, మెట్ల దగ్గర, పెరళ్లలో చిన్న చిన్న మీటింగులు పెట్టారు. పెంచిన అద్దె కట్టబోమని కిటికీలకు కాగితాలు అంటించారు. ప్రతి బిల్డింగ్ మెట్ల దగ్గరా ఒకామె గంట పట్టుకుని కూర్చునేది. ఖాళీ చేయించడానికి కోర్టు అమీనా వస్తున్నాడని తెలియగానే గంట మోగేది. వంట చేసేవాళ్లు వంట, బట్టలుతికేవాళ్లు బట్టలు వదిలేసి పిండి పొట్లాలతో, తడిబట్టలతో మెట్ల మీదికి వచ్చేవారు. అమీనా వెనక్కి పోవలసిందే. చివరికి 20 వేలకు పైగా కుటుంబాలు అందులో కలిశాయి. నవంబర్ 17న అద్దె బాకీల కేసులు విచారణకొచ్చిన రోజు వేలమంది కోర్టు ముందు నిలబడ్డారు. కేసులు ఎత్తేశారు. డిసెంబర్ ముగిసేలోపు అద్దెలను యుద్ధానికి ముందున్న స్థాయిలో నిలిపేస్తూ బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. యుద్ధకాలపు ఆ అద్దె నియంత్రణ 1918 నాటికి బొంబాయికి వచ్చింది. స్వతంత్రం తర్వాత మన రాష్ట్రాలు చేసుకున్న అద్దె చట్టాలు కూడా ఆ దారిలో వచ్చినవే.

ఇందులో మీకు పనికొచ్చేది పిండి పొట్లం కాదు, మెట్ల దగ్గర కూర్చున్న ఆ మనిషి. మీ బిల్డింగ్‌లో ఒక్కో ఫ్లోర్‌కి ఒకరిని ఒప్పించండి. ఆ ఫ్లోర్‌లో ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా మొదట ఆమెకో ఆయనకో తెలియాలి. పగలు ఇంట్లో ఉండే ఆడవాళ్లకు ట్యాంకర్ ఎప్పుడొచ్చిందో, ఎవరింటికి ఓనర్ వచ్చి గొడవ పడ్డాడో మిగతా అందరికంటే ముందు తెలుస్తుంది. ఇంటి పెద్ద పేరుతో మగవాళ్లనే పిలిచే సంఘానికి సగం సంగతులు తెలియవు.

తట్టినప్పుడు సంఘం పెడుతున్నాం, చేరండి అని మొదలుపెట్టకండి. "మీకు నీళ్లు ఎన్నింటికి వస్తున్నాయండీ? పోయినసారి ఖాళీ చేసిన ఇంట్లో అడ్వాన్స్ మొత్తం ఇచ్చారా?" అని అడిగి, వాళ్లు చెప్పేది వినండి. బ్యాచిలర్స్ ఫ్లాట్‌ని వదలకండి, అడ్వాన్స్ ఎక్కువ పోగొట్టుకునేది వాళ్లే. వాచ్‌మన్‌కి అన్నీ తెలుసు, కానీ ఆయన ఉద్యోగం ఓనర్ల చేతిలో ఉంది. ఆయన్ని సాక్ష్యానికి లాగి ఇబ్బంది పెట్టకండి.

వాట్సాప్ గ్రూపు ఆఖరున పెట్టండి. మనుషులు ఒకరినొకరు చూసుకోకముందే గ్రూపు పెడితే గుడ్ మార్నింగులతో నిండుతుంది, లేదా ఎవరో కోపంలో రాసిన మాట స్క్రీన్‌షాట్‌గా ఓనర్ దగ్గరికి చేరుతుంది.

4. మొదటి మీటింగ్: బార్సిలోనా పద్ధతి

ఈ అడుగు మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చాలా సంఘాలు ఇక్కడే చెడిపోతాయి. ఒక పెద్దమనిషి మైకు పట్టుకుంటాడు, మిగతావాళ్లు వింటారు, తర్వాత ఎవరూ రారు.

2008 ఆర్థిక సంక్షోభంలో స్పెయిన్‌లో లక్షలమంది ఇంటి లోన్లు కట్టలేక రోడ్డున పడే స్థితికొచ్చారు. 2009లో బార్సిలోనాలో లోన్ బాధితుల వేదిక ఒకటి పుట్టింది. దాని మొదటి నాయకుల్లో ఒకరైన అడా కొలావ్ 2015లో ఆ నగరానికి మేయర్ అయ్యారు. ఆ వేదికలో లాయర్లున్నారు, కానీ మీటింగ్ లాయర్ల చుట్టూ తిరగదు. కొత్తగా వచ్చిన మనిషి అందరి ముందూ తన కష్టం చెప్తాడు. చాలామంది సిగ్గుతో, ఇది తమ ఒక్కరి చేతగానితనమే అనుకుంటూ వస్తారు. జవాబు చెప్పేది అదే కష్టం దాటొచ్చిన ఇంకో మనిషి: నాకు బ్యాంకు వాళ్లు ఇదే చెప్పారు, నేను ఈ కాగితం రాసిచ్చాను, తర్వాత ఇది జరిగింది. పక్కవాళ్లు తమకు తెలిసింది కలుపుతారు. విడిగా గదిలోకి పిలిచి సలహా ఇవ్వరు. ఒకరి కేసు వింటూ పదిమంది నేర్చుకుంటారు. మర్నాడు ఆ మనిషి బ్యాంకుకి ఒంటరిగా వెళ్లడు, ఇద్దరు తోడుంటారు. తన పని అయ్యాక అతనే వచ్చి కొత్తవాళ్లకు చెప్తాడు.

మీ మొదటి మీటింగ్‌కి ఎనిమిది మంది వచ్చినా చాలు. టెర్రస్ మీదో, ఎవరింటి హాల్లోనో కుర్చీలు గుండ్రంగా వేయండి. వేదిక వద్దు. గంటకు మించకండి, పిల్లల చదువులు, వంటలు ఉంటాయి. ఒకరు నడిపించాలి, ఇంకొకరు నోట్‌బుక్‌లో రాయాలి, ఈ రెండు పనులూ ప్రతిసారీ చేతులు మారాలి. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. "మీకూ ఇలాగే జరిగిందా? అప్పుడేం చేశారు?" అన్నదే నడిపించేవాళ్ల ముఖ్యమైన ప్రశ్న. ఓనర్‌ని తిట్టడంతో సగం సమయం పోతుంది, అది సహజం. కాసేపు పోనిచ్చి, వచ్చేవారం ఎవరు ఏ పని చేస్తారో తేల్చి, పేర్లు రాసుకుని లేవండి.

ఎవరి ఓనరైనా పిలిచి మాట్లాడతానంటే ఒక్కరినే పంపకండి. తోడుగా వెళ్లినవాళ్లు మాట్లాడక్కర్లేదు, పక్కన కూర్చుని రాసుకుంటే చాలు. ఓనర్ గొంతు అక్కడే మారుతుంది.

5. ఒకే కోరిక, ఒకే ఉత్తరం

మొదటిసారి గెలవగలిగేది ఒకటి ఎంచుకోండి. పది కోరికలు రాస్తే అవతలివాళ్లు తేలికైనది ఒకటి ఒప్పుకుని మిగతావి మరిపిస్తారు. ఉత్తరం ఇలా ఉండొచ్చు:

"అసోసియేషన్ అధ్యక్షులు గారికి నమస్కారం. మేము ఈ బిల్డింగ్‌లో అద్దెకుంటున్న 11 కుటుంబాల వాళ్లం. నెలకు ఒక్కో ఫ్లాట్‌కి 2,500 రూపాయల మెయింటెనెన్స్ క్రమం తప్పకుండా కడుతున్నాం. గత ఆరు నెలల ఖర్చుల లెక్క నోటీసు బోర్డులో పెట్టమని కోరుతున్నాం. ఈ నెల 20లోపు జవాబిస్తే సంతోషిస్తాం."

కింద అందరి సంతకాలు, ఫ్లాట్ నంబర్లు. సంతకాలు గుండ్రంగా పెట్టించినా మంచిదే, మొదటి పేరు ఎవరిదో తెలియదు. రెండు కాపీలు తీసి ఒకదాని మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపండి.

6. అద్దె కట్టడం మాత్రం ఆపకండి

గ్లాస్గో కథ విన్నాక కుర్రాళ్లు ముందు అడిగేది ఇదే: మనమూ అద్దె ఆపేద్దామా? వద్దు. అక్కడ వేలమంది ఒకేసారి ఆపారు, బయట యుద్ధం నడుస్తోంది, ఫ్యాక్టరీలు ఆగుతాయని ప్రభుత్వం భయపడింది. మన చట్టంలో అద్దె బాకీ పడటం ఖాళీ చేయించడానికి ఓనర్‌కి దొరికే మొదటి కారణం. ఓనర్ కావాలనే అద్దె తీసుకోకపోతే బ్యాంకులో వేయండి, మనియార్డర్ చేసి రసీదు దాచండి. అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఇల్లయితే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేయొచ్చు.

ఆ చట్టం గురించి ఒక మాట. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చింది. ఆంధ్రాలో ఆ తర్వాత వేరే అద్దె చట్టం చేశారు కాబట్టి అక్కడివాళ్లు దాన్ని విడిగా కనుక్కోవాలి. 2005 సవరణతో కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లను దాని నుంచి తప్పించారు. అంటే హైదరాబాద్‌లో ఇవాళ అద్దెకుండే మామూలు కుటుంబానికి దాని రక్షణ లేనట్టే. అయినా మీరు పూర్తిగా నిరాయుధులు కారు. నెలవారీ అద్దె రద్దు చేయాలంటే ఆస్తి బదిలీ చట్టం కింద రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అప్పటికీ మీరు కదలకపోతే ఓనర్ కోర్టుకెళ్లాలి తప్ప సామాను బయటపడేయడానికి లేదు. అలా బలవంతంగా బయటికి పంపితే ఆరు నెలల్లోపు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ కింద దావా వేసి తిరిగి స్వాధీనం కోరవచ్చు. లాయర్ ఫీజు టెన్షన్ ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఇల్లు పోగొట్టుకునే కేసుల్లో పేదలకు ఉచితంగా లాయర్‌ని ఇచ్చే చట్టాన్ని అమెరికాలో మొదట తెచ్చిన నగరం న్యూయార్క్, అది 2017లో. మనకు అంతకంటే ముందు నుంచీ ఈ ఏర్పాటు ఉన్నా, అద్దెదారులు ఆ గుమ్మం ఎక్కడం అరుదు.

7. ప్రభుత్వం ఇచ్చిన ఇళ్లలో ఉంటే: లిఫ్ట్ డబ్బు సంగతి ముందు చూడండి

హైదరాబాద్ శివార్లలో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ఒకేచోట కట్టారు, 2023లో ప్రారంభించారు. ఆంధ్రాలో టిడ్కో ఇళ్లున్నాయి. గుడిసెలో, ఇరుకు గదిలో ఉన్న కుటుంబానికి పదో అంతస్తులో ఇల్లు వచ్చిందంటే పండగే. కానీ లిఫ్టు, మోటారు, సెప్టిక్ ట్యాంకు, వీధి దీపాలకు నెలనెలా డబ్బు కావాలి.

ఆ డబ్బు లేకపోతే ఏమవుతుందో అమెరికాలోని సెయింట్ లూయిస్ చూసింది. అక్కడ ప్రూట్ ఐగో అనే కాలనీ 1950లలో కట్టారు. 11 అంతస్తుల బిల్డింగులు 33, ఇళ్లు 2,870. ఖర్చు తగ్గించడానికి లిఫ్టులు ప్రతి మూడో అంతస్తులోనే ఆగేలా పెట్టారు. కట్టడానికి కేంద్రం డబ్బిచ్చింది, నడపడానికి మాత్రం అద్దెలే ఆధారం. ఊళ్లో ఉద్యోగాలు పోయి జనం తగ్గారు, అద్దెలు తగ్గాయి, రిపేర్లు ఆగాయి, ఉన్నవాళ్ల మీద అద్దె పెంచారు. 1969లో ఆ ఊరి ప్రభుత్వ ఇళ్లవాళ్లు నెలల తరబడి అద్దె సమ్మె చేశారు. ప్రభుత్వ ఇంటి అద్దె ఆదాయంలో నాలుగో వంతు దాటకూడదన్న చట్టం అదే ఏడాది వచ్చింది. కానీ ఆ కాలనీకి అప్పటికే ఆలస్యమైంది. 1972లో కూల్చడం మొదలుపెట్టారు. జనానికి అపార్ట్‌మెంట్‌లో బతకడం చేతకాక పాడైందని ఇప్పటికీ అంటుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. లెక్క తప్పిన చోట ఎంత మంచి జనమున్నా లిఫ్టు నడవదు.

కాబట్టి మీ బ్లాక్‌లో మొదటి పని: లిఫ్టు ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్టు) ఎవరి పేరున ఉంది, ఏడాదికి ఎంత, గడువెప్పుడు, కాలనీలో షాపుల అద్దె ఎవరి ఖాతాలోకి వెళ్తోంది అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు.

రెండో పని డెన్మార్క్ నుంచి. అక్కడ లాభం లేని ఇళ్ల సంఘాల్లో ప్రతి కాలనీకీ అద్దెదారులే ఎన్నుకున్న కమిటీ ఉంటుంది. ఏడాది బడ్జెట్‌ని అందరి మీటింగ్‌లో పెట్టి ఓటు తీసుకుంటారు. ఇల్లు చిన్నదైనా పెద్దదైనా ఇంటికి రెండు ఓట్లు. ఇది మన కాలనీలకు అచ్చంగా సరిపోతుందని నా నమ్మకం. ఇంటికి రెండు ఓట్లంటే భార్యాభర్తలిద్దరూ వేస్తారు, ఇంటి పట్టా ఎవరి పేరున ఉన్నా సరే. నెలకోసారి వసూలు, ఖర్చు, మిగులు రాసిన కాగితం లిఫ్ట్ పక్కన అంటించండి. లెక్క కళ్ల ముందుంటే డబ్బు కట్టనివాళ్లు కూడా మెల్లగా దారికొస్తారు.

ఇంకా కట్టని చోట, స్థలం ఇచ్చి కట్టుకోమన్న చోట అయితే ఉరుగ్వే గురించి చదవండి. 1968 హౌసింగ్ చట్టం కింద అక్కడ కుటుంబాలు సహకార సంఘాలుగా ఏర్పడి, ప్రభుత్వ లోన్ తీసుకుని, ఒక్కో కుటుంబం వారానికి 20 గంటల పైన పని చేసి ఇళ్లు కట్టుకుంటాయి. ఇల్లు పూర్తయ్యేవరకూ ఏది ఎవరిదో తేల్చరు, అందుకని ప్రతి గోడనూ తమ గోడలాగే కడతారు. ఆస్తి సంఘానిది, ఉండే హక్కు కుటుంబానిది, పిల్లలకూ వస్తుంది. ఈ సంఘాల సమాఖ్య 1970లో ఏర్పడి ఇప్పటికీ నడుస్తోంది.

8. రిజిస్ట్రేషన్, పదవులు

మొదటి ఆరు నెలలు రిజిస్ట్రేషన్ జోలికి పోకండి. ఒకటి రెండు పనులు సాధించాక, కనీసం ఏడుగురు సభ్యులతో 2001 సొసైటీల చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేసుకోవచ్చు. బైలాస్‌లో, అంటే సంఘం నియమాల్లో, మూడు మాటలు తప్పకుండా రాయండి: పదవులు రెండేళ్లకు మించి ఉండవు, సభ్యుల్లో అద్దెకున్నవాళ్లే ఓటేస్తారు, బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు కావాలి. అద్దెదారులు మారిపోతుంటారు కాబట్టి ఫైలు ఒక్కరింట్లో ఉంచకండి, అన్నీ స్కాన్ చేసి ముగ్గురి దగ్గర పెట్టండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఈ గొడవంతా లేదు, సంఘం సిద్ధంగానే ఉంటుంది. జర్మనీలో ప్రతి పెద్ద ఊళ్లో అద్దెదారుల సంఘం ఉంది. ఏడాదికి కొద్దిపాటి చందాతో లాయర్ సలహా దొరుకుతుంది. అయితే కోర్టు ఖర్చుల బీమా చాలాచోట్ల చేరిన కొన్ని నెలల తర్వాతే మొదలవుతుంది, అందుకని ఇంట్లో దిగిన నెలలోనే చేరండి. న్యూజెర్సీలో డిపాజిట్ నెలన్నర అద్దెకు మించకూడదు, ఖాళీ చేసిన 30 రోజుల్లో తిరిగివ్వాలి. మనవాడే కదా అని తెలుగు ఓనర్‌కి కాగితం లేకుండా డబ్బివ్వకండి.

9. ప్రభుత్వాన్ని ఏం అడగాలి

నాలుగైదు బిల్డింగుల సంఘాలు కలిశాక ఎమ్మెల్యే దగ్గరికో కార్పొరేటర్ దగ్గరికో వెళ్లొచ్చు. బెర్లిన్‌లో 2021లో పెద్ద కంపెనీల ఇళ్లను ప్రజాపరం చేయాలని పది లక్షలమందికి పైగా ఓటేసి రెఫరెండం గెలిపించారు. ఇప్పటికీ ఆ ఇళ్లు కంపెనీల దగ్గరే ఉన్నాయి, ఎందుకంటే ఆ ఓటుకు చట్టబలం లేదు. బెర్లిన్ నగరమే కాదు, జర్మనీలో ఒక రాష్ట్రం కూడా. అది 2020లో తెచ్చిన అద్దెల పరిమితి చట్టాన్ని, అలాంటిది చేసే అధికారం రాష్ట్రానికి లేదని రాజ్యాంగ కోర్టు 2021లో కొట్టేసింది. అందుకని ఎవరి చేతిలో ఏ అధికారం ఉందో తెలుసుకుని వాళ్లనే అడగండి. అద్దె చట్టం రాష్ట్రం చేతిలో ఉంది. అడ్వాన్స్‌కి పరిమితి, వదిలాక ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో గడువు, కోతకు లిఖితపూర్వక వివరం: ఈ మూడూ శాసనసభ చేయగలిగినవే.

ఇంకొకటి అడగవలసింది ఉంది. ఇల్లు చూడ్డానికెళ్తే "మీరేమిట్లు?" అని కులం అడగడం, ముస్లింలకు ఇవ్వం అనడం, ఒంటరి ఆడవాళ్లను వెనక్కి పంపడం మనందరికీ తెలిసిందే. అమెరికాలో జాతి, మతం చూసి ఇల్లు నిరాకరించడం 1968 నుంచి చట్టవిరుద్ధం. దాన్ని నిరూపించడానికి అక్కడ ఒక పద్ధతి పాటిస్తారు: ఒకే జీతం, ఒకే రకం ఉద్యోగం ఉన్న ఇద్దరిని, ఒక నల్లజాతివారిని, ఒక తెల్లజాతివారిని, అదే ఇంటికి వేర్వేరుగా పంపి ఎవరికి ఏం చెప్పారో రాస్తారు. మీ సంఘంలో ఇద్దరు ఒకే టూలెట్ బోర్డు నంబర్‌కి అరగంట తేడాలో, తమ అసలు పేర్లతోనే, ఫోన్ చేసి చూడండి. తేదీ, సమయం, ఏరియా, వచ్చిన జవాబు ఒక రిజిస్టర్‌లో రాయండి. మన దగ్గర ప్రైవేటు ఓనర్ల మీద అలాంటి ప్రత్యేక చట్టం లేదు కాబట్టి ఏ ఒక్క ఓనర్ పేరునూ బయటపెట్టకండి. యాభై ఫోన్ కాల్స్ అయ్యాక ఆ రిజిస్టర్ కాపీని, అడ్వాన్స్ గురించిన మీ మూడు కోరికలతో కలిపి, శాసనసభ సమావేశాలకు నెల రోజుల ముందే ఎమ్మెల్యేకి ఇవ్వండి. అందినట్టు సంతకం తీసుకోవడం అక్కడా మర్చిపోకండి.